పిట్టగుట్ట ఎత్తు

సుహాసిని చేతిలో స్కేలుతో బల్ల పక్కన వంగి, "మధూ, ఈ గుట్టను ఎవరు కొలిచిండ్రు?" అని అడిగింది. ఆ ప్రశ్న మధుకు ఎంత బరువైనదో తెలియాలంటే పాత సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి.

మధుది వడ్డేపల్లి దిక్కున్న నాగులబండ. గద్వాలలో పెళ్లి పందిళ్లకు థర్మోకోల్ అలంకరణ చేసే దుకాణం నడుపుతున్నాడు. ఎన్నో తరాల కిందట ఒక వేకువన పక్క సంస్థానం గుర్రపు దండు నాగులబండ మట్టికోట మీద పడి ఊరు దోచుకుపోయింది. ఆ పూట చిన్న బురుజు మీద కావలి ఉన్నవాడు మధు ఇంటి పూర్వీకుడు నర్సన్న. గుర్రాలను చూసి కూడా అతను లంచం తిని కొమ్ము ఊదలేదని, పనయ్యాక ఆ గుర్రాలవాళ్లే అతన్ని నరికిపోయారని ఊరి మాట. గవిని అనే కోట వాకిలి మీది పెద్ద బురుజులో ఉన్న పటేలు పెద్దలకేమో కోట ముందున్న పిట్టగుట్ట అడ్డమొచ్చి ఏమీ కనపడలేదట, అయినా కత్తులు దూసి పోరాడారట. అందుకే నాగులబండ జాతరలో పల్లకి మోసేది పటేలు ఇల్లు. ఆ పల్లకి గవిని దాటేదాకా వీపు తిప్పి నిలబడేది నర్సన్న ఇల్లు. మధు తండ్రి కురుమూర్తి బతికినన్నాళ్లూ అట్లాగే నిలబడ్డాడు. ఆయన పోయాక వస్తున్న మొదటి జాతర ఇది, ఎల్లుండే. ఈసారి ఆ చోట నిలబడాల్సింది మధు.

పోయి చూసి తేల్చుకుందామంటే పిట్టగుట్ట ఇప్పుడు లేదు. కంకర మిల్లులు దాన్ని పిండి చేసి రోడ్ల కింద పరిచేశాయి. అప్పుడు దొరికాడు శ్రవణ్ కుమార్. నాగర్‌కర్నూల్ మనిషి, గద్వాలలో జూనియర్ కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతాడు. నెట్ సెంటర్లో కూర్చుని కూర్చుని, ఎక్కడెక్కడి దేశాల్లోనో పెద్దవాళ్లు బల్లల మీద నేలను, కొండలను చేసిపెట్టి, చిటికెడంత సైనికులతో పాత యుద్ధాలు మళ్లీ ఆడి చూస్తారని కనిపెట్టాడు. నాగులబండ యుద్ధాన్నీ ఆడి చూద్దామన్నాడు. ఆట చూశాక, నర్సన్నకు గుర్రాలు కనపడలేదన్న నమ్మకం కుదిరితే జాతరకు ముందు ఊరితో మాట్లాడతానని పటేల్ వెంకటయ్య కూడా ఒప్పుకున్నాడు. ఆయన వచ్చేది ఈ శనివారం సాయంత్రం. సుహాసిని స్కేలు తీసింది అదే శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక.

సుహాసిని శ్రవణ్ కుమార్ భార్య. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. మగవాళ్లిద్దరూ నెలల తరబడి ఒక ప్లైవుడ్ చెక్క చుట్టూ తిరుగుతుంటే మొదట్లో నవ్వి ఊరుకుంది. తర్వాత తనే సైనికులకు రంగులు వేయడం మొదలుపెట్టింది. చీపురు పుల్లను చిదిమితే ఒళ్లు, పైన ఆవగింజ అంటిస్తే తల. నలుగురిని ఒక అట్టముక్క మీద నిలబెడితే యాభై మంది కింద లెక్క. గుర్రాలను చేయడానికి మాత్రం ముగ్గురూ ఏడ్చినంత పని చేశారు. మొదటి విడత గుర్రాలు మేకల్లాగే వచ్చాయి.

"చెప్పు మధూ. నేలంత నువ్వే చేస్తివి గదా. ఈ గుట్ట ఎత్తు ఎక్కడికెళ్లి తెచ్చినవ్?"

"ఎక్కడికెళ్లి తెస్త మేడం? సారు పటం ఇచ్చిండు. పొడుగు, ఎడల్పు దాన్లకెళ్లి దించిన."

"పొడుగు, ఎడల్పు సరిగ్గనే ఉన్నయి. ఎత్తు అడుగుతున్న."

మధు బల్ల వైపు చూశాడు. నిజంగా ముచ్చటైన బల్ల అది. వనపర్తి సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టుకు రంగులద్ది నేల పరిచాడు. కొబ్బరిపీచు పట్టాను కత్తిరించి నిలిపితే జొన్న చేలు. బీరపీచుకు ఆకుపచ్చ ముంచితే తుమ్మచెట్లు. వాగుకు వార్నిష్ పూస్తే నీళ్లున్నట్టే మెరిసింది. వీటన్నిటి మధ్య పిడికిలెత్తున పిట్టగుట్ట ఠీవిగా నిలబడి ఉంది. ఇన్నాళ్లూ దాన్ని చూసినప్పుడల్లా మురిసిపోయాడు. ఇప్పుడు దాని మీది నుంచి చూపు పక్కకు తిప్పుకున్నాడు.

శ్రవణ్ కుమార్ సర్వే పటం జిరాక్స్ విప్పి బల్ల అంచున పరిచాడు. గుట్ట చుట్టూ ఉన్న గీతలు లెక్కపెట్టాడు, కాగితం మీద భాగహారం వేశాడు, మళ్లీ వేశాడు. ఆ తర్వాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"బొటనవేలి మందం ఉండాలె మధూ. గంతే. నువ్వు పిడికిలెత్తు చేసినవ్."

"పందిట్ల గట్లనే చేస్తం సారూ," అన్నాడు మధు. "ఉన్నదున్నట్టు చేస్తే ఎనక కుర్చీలోళ్లకు ఏమగుపడ్తది? తామరపువ్వయినా, నెమలయినా, పేర్లయినా ఎత్తు పెంచుడే. చేతికి గదే అలవాటు. గుట్ట అన్నరు, లేపిన."

ఆ మాటలో అబద్ధం లేదు. అలంకరణ పనిలో పండిపోయిన చెయ్యి అది. కొలతలు నేల మీదివి తీసుకుంది, ఎత్తు మాత్రం పందిట్లోది పెట్టింది. కోటను శ్రవణ్ కుమార్ స్వయంగా నాగులబండకు పోయి, మిగిలిన గోడలు టేపుతో కొలుచుకొచ్చి అట్టతో కట్టాడు కాబట్టి అది సరిగ్గానే ఉంది. సరైన కోట ముందు సరికాని గుట్ట వచ్చి కూర్చుంది. ఇన్నిసార్లు ఆడినా ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదంటే, అది అంత అందంగా కుదిరిందన్నమాట.

కానీ శ్రవణ్ కుమార్ కోపం గుట్ట మీద కాదు. "ఇన్నిసార్లు ఆడినం. ఆడిన ప్రతిసారి నర్సన్నకు గుర్రాలు అగుపడలే. నీ మొకంల ఎలుగు జూసి నేను గూడ సంబరపడిన. నా నిబంధనలు మస్తుగ కుదిరినయి అనుకున్న. వాగుల గుర్రాల నడక తగ్గాలె అని మార్చినం. కబురు పోనీకి ఒక వంతు పట్టాలె అని మార్చినం. అన్నీ మార్చినం గని గుట్టను ముట్టలే. ఒక్క మాట అడుగుత, కోపం తెచ్చుకోకు. నువ్వు కావాలని..."

"ఏమండీ," అంది సుహాసిని గట్టిగా.

మధుకు ముఖం మీద కొట్టినట్టయింది. ఈ మనిషి కోసం పెళ్లిళ్ల ఆర్డర్లు వదులుకుని ప్లైవుడ్ మోశాడు. సారూ సారూ అంటూ వెంట తిరిగాడు. ఒక్క నిమిషంలో దొంగైపోయాడు. తిట్టాలనిపించింది, బల్లను తిరగేయాలనిపించింది. అంతకంటే బాధ కలిగించిన సంగతి ఇంకొకటుంది. తను కావాలని చేయలేదని గట్టిగా చెప్పడానికి తనకే ధైర్యం చాలలేదు. గుట్ట చెక్కుతున్నప్పుడు ఏమనుకున్నాడో ఇప్పుడు ఎవరికి తెలుసు? ఆ చెయ్యి అలంకరణ చేసే మధుదా, ఏటేటా జాతరలో తండ్రి ముఖం మట్టిగోడ వైపు ఉండడం చూస్తూ పెరిగిన కొడుకుదా?

"నాకు తెల్వదు సారూ," అన్నాడు. "అల్లాకే ఎరుక, ఆంజనేయుడికే ఎరుక. తప్పయితే తప్పే. కొత్త గుట్ట కోస్త."

"ఎందుకు మధూ?" శ్రవణ్ కుమార్ గొంతు అప్పుడే మెత్తబడింది. అన్న మాటకు సిగ్గుపడుతున్నాడు. "ఆట బంద్ చేద్దాం. పటేలుకు ఫోన్ చేసి కుదరలేదని చెప్త."

"వద్దు. ఆడుదామన్నది మీరే. ఆడితే తేలుతదన్నది మీరే. తేలనీయండి."

థర్మోకోల్ కోసే తీగకు కరెంటు పెట్టాడు. తీగ ఎర్రబడింది. మధు చేతికి ఏ గీతా అక్కర్లేదు, పటం పక్కన పెట్టుకుని ఒకే ఊపులో తిప్పాడు. సుహాసిని ఈసారి పక్కనే నిలబడి బొటనవేలి మందం దగ్గర స్కేలు ఆనించింది. కాలిన థర్మోకోల్ వాసన గదంతా పట్టింది. జిగురు పూశాడు, ఇసుక చల్లాడు, రాళ్ల కోసం చింతపిక్కల ముక్కలు గుచ్చాడు. ఎత్తు గుట్టను పెకిలించి గోడ మూలకు పెట్టి, దాని స్థానంలో కొత్తది దించాడు. చూడ్డానికి ఏమీ బాగాలేదు. బల్ల బోసిపోయింది. పిట్టగుట్టకు ఆ పేరెందుకు వచ్చిందో ముగ్గురికీ అప్పుడు అర్థమైంది.

ఇక కావలి చూపు. ఆటలో ప్రతి వంతుకు ముందు చేయాల్సిన పని అది. బురుజు మీద గుచ్చిన గుండుసూదికి దారం కట్టి, శత్రువు బొమ్మ దాకా బిగించి లాగాలి. దారం దేనికైనా తగిలితే కావలివాడికి కనపడనట్టు. తగలకుండా సాగితే పాచిక వేయాలి. ఒకటి పడితే కునుకు తీస్తున్నట్టు, ఇంకేది పడ్డా చూసినట్టే. ఇన్నాళ్లూ పాచిక దాకా పోయే అవసరం రాలేదు. దారం ప్రతిసారీ గుట్ట మధ్యలో పొడుచుకునేది.

మధు దారం లాగాడు. చిన్న బురుజు నుంచి, వాగు మీదుగా, గుట్ట నెత్తి మీదుగా, అవతలి గుర్రాల దాకా అది తిన్నగా సాగింది. దేనికీ తగల్లేదు. సుహాసిని దారం కింద వేలు పెట్టి చూసింది. వేలు దూరింది.

పాచిక వేశాడు. నాలుగు. నిబంధన ప్రకారం అక్కడికి సరి. మధు మళ్లీ వేశాడు. ఐదు. మళ్లీ వేశాడు. ఎవరూ వద్దనలేదు. రెండు. ఇక వేయలేదు.

"సూసిండు," అన్నాడు. "మా నర్సన్న సూసిండు."

స్టూలు మీద కూలబడ్డాడు. తండ్రి గుర్తొచ్చాడు. కురుమూర్తి జాతర నాడు ఒక్క పూట కూడా ఏడవలేదు, ఒక్క మాట కూడా అనలేదు. తిరిగొచ్చి మామూలుగా కాళ్లు కడుక్కుని అన్నం తినేవాడు. ఆయన తమది కాని తప్పుకు నింద మోశాడని మధు ఇన్నాళ్లూ నమ్మాడు. నమ్మకం కాదు, ఆశ. ఆ ఆశతోనే ఇంత కట్టాడు. ఇప్పుడు అమ్మ రుక్కమ్మకు ఏం చెప్పాలి? ఆడి చూశామే, నిజమేనంట, కొత్త అంగీ తీసిపెట్టు, ఎల్లుండి నేను గోడకు మొకం పెట్టి నిలబడుత అని చెప్పాలా?

కింద జీపు ఆగిన చప్పుడైంది. సాయంత్రం వస్తానన్న వెంకటయ్య మూడున్నరకే దిగాడు. పటేల్‌గిరీలు రద్దయి చాలా ఏళ్లయింది. పిలుపు మాత్రం ఊరు వదల్లేదు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల పంచె, భుజం మీద కండువా. మెట్లెక్కి గుమ్మంలోనే ఆగి చెప్పులు విడిచాడు.

"గద్వాల్ల జర పని ఉండె. తొందరగ అయిపాయె. ఏంది, అందరు గట్ల కూసున్నరు? ఎవరన్న పొయ్యిండ్రా?"

"రాండ్రి పటేలా," అని లేచి కుర్చీ వేశాడు మధు. శ్రవణ్ కుమార్ ఏదో సర్దిచెప్పబోయాడు. ఇంకా సరిచూసుకోలేదని, రేపు పొద్దున చూపిస్తామని మొదలుపెట్టాడు. మధు ఆపాడు.

"దాచేదేం లేదు పటేలా. ఈ పొద్దు దాక మేము ఆడిన ఆట తప్పు. గుట్ట ఎక్కువ ఎత్తు చేసిన, నా తప్పే. ఇప్పుడు సరిగ్గ చేసినం. సరిగ్గ చేస్తే మా నర్సన్నకు గుర్రాలు అగుపడ్డయి. ఊరోళ్ల మాటనే నిలిచింది."

వెంకటయ్య ముఖం మీద సంతోషం కనపడుతుందని మధు అనుకున్నాడు. కనపడలేదు. పెద్దాయన బల్లను చూస్తున్నాడు. వాగును, జొన్న చేలను, తమ బురుజును చూస్తున్నాడు. ముంగిట్లో ఆడుకుంటున్న పిల్లల్ని చూసినంత నెమ్మదిగా చూస్తున్నాడు.

"మంచిగ చేసినవ్‌రా," అన్నాడు. "గుట్ట గింతే ఉండె. చిన్నప్పుడు సీతాఫలాలకు ఎక్కుతుంటిమి."

"ఇంకొకటి మిగిలింది," అంది సుహాసిని.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె దారం చివర విప్పుతోంది. "కావలి చూపు అన్ని బురుజులకు తియ్యాలె గదా. మీరు రాసిందే. మనం చిన్న బురుజుకే తీసి ఆగినం."

లెక్కల టీచరుకు ఒక లెక్క సగంలో వదిలితే నిద్ర పట్టదు. దాని వెనక ఇంకే ఉద్దేశమూ లేదు. గవిని మీది పెద్ద బురుజుకు దారం కట్టి, గుర్రాల వైపు లాగింది. పెద్ద బురుజు చిన్నదానికంటే ఎత్తు. దారం గుట్టకు రెండు వేళ్ల ఎత్తున, గాలిలో తేలుతున్నట్టు సాగింది. పాచిక వేయాలని కూడా ఎవరికీ తోచలేదు.

శ్రవణ్ కుమార్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "గుట్ట ఎత్తుంటే ఇద్దరికీ అగుపడదు. తక్కువుంటే ఇద్దరికీ అగుపడుతది. చిన్న బురుజుకు అగుపడి పెద్ద బురుజుకు అగుపడకుండ ఉండనీకి దారే లేదు. అంటే పటేలా, మీ పెద్దలు గూడ..."

వెంకటయ్య కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఎండ నుంచి వచ్చిన మనిషి చెమట తుడుచుకున్నట్టే తుడుచుకున్నాడు. ఆ తర్వాత, పొలం సంగతి చెబుతున్నంత మామూలుగా మాట్లాడాడు.

"సూడనీకి బురుజు మీద మనిషి ఉండాలె గద, సారూ."

ముగ్గురూ ఆయన వైపు తిరిగారు. ఆయనే చెప్పుకుపోయాడు.

"మావోళ్లు ముందటి దినమే పుట్టీలు ఎక్కి నది దాటిండ్రు. దండు వస్తుందని వాళ్లకు ఎరుకే. పిల్లల్ని, బంగారాన్ని ఏస్కొని పోయిండ్రు. పెద్ద బురుజు ఖాళీ. నర్సన్న కొమ్ము ఊదిండు. ఊదీ ఊదీ పెదాలు పగిలినయంట. పలికెటోడు లేడు. మా నాయిన సచ్చిపోయేటప్పుడు నాకు చెప్పిండు. ఆయనకు వాళ్ల నాయిన చెప్పిండు. మా ఇంట్ల గిదొక్కటి గిట్ల పెద్దోడి చెవుల పడుతది, బయటికి రాదు."

మధుకు లేచి అరవాలనిపించింది. అరవలేదు. ఊదాడు! నర్సన్న ఊదాడు! ఆ ఒక్క ముక్కకు అతని కళ్లు నిండిపోయాయి. అదే సమయంలో, ఎదురుగా కూర్చున్న మనిషి కురుమూర్తి వీపు ముందు నుంచి ఏటేటా పల్లకి మోసుకుపోయాడన్న సంగతి కూడా గుర్తొచ్చింది. తెలిసి మోశాడు.

"మా నాయిన బతికుండంగ చెప్పకపోతివి పటేలా."

"చెప్పలే. చెప్పనీకి నోరు రాలే." వెంకటయ్య తల దించుకోలేదు, పొగరుగానూ ఎత్తలేదు. గోడ మూల వైపు చూపించాడు. "గా ఎత్తు గుట్ట ఇంక ఉన్నది గద. ఎల్లుండి ఊరి ముందట అదే పెట్టు. ఎవ్వరికీ అగుపడలేదని తేలుతది. నర్సన్న తప్పు లేదు, మావోళ్ల తప్పు లేదు. ఇగ వీపు తిప్పుడు బందని నేనే ముందట నిలవడి చెప్త. నీకు కావాల్సింది గదే గదరా? ఎవ్వరి ఇజ్జత్ పోకుండ అయిపోతది."

"అది అబద్ధపు గుట్ట పటేలా," అన్నాడు శ్రవణ్ కుమార్.

"నీకేంది సారూ, నీది నాగర్‌కర్నూల్. రేపు బదిలీ అయితే పోతవ్. నేను, వీడు గాడనే బతకాలె."

సుహాసిని మధు వైపు చూసింది. మధు మూలనున్న గుట్టను చూశాడు. రంగు, రాళ్లు, నెత్తిన రెండు బీరపీచు చెట్లు. ఎంత బాగుందో ఇప్పటికీ! దాన్ని తీసి బల్ల మీద పెడితే చాలు. అమ్మ ముఖం చూసి మాట్లాడగలడు. ఎల్లుండి గవిని ముందు పల్లకికి ఎదురుగా నిలబడగలడు. కొమ్ము ఊదిన మనిషి మాత్రం ఊదనివాడిగా కూడా మిగలడు, గుర్రాలు కనపడని గుడ్డివాడైపోతాడు. పెదాలు పగిలేదాకా ఊదిన మాట మళ్లీ పటేలు ఇంట్లో ఒక చెవిలోకి పోయి పడుకుంటుంది.

ఒప్పుకోవడమా, కాదనడమా అన్నది తేల్చుకునేముందు అతనికి ఒక సంగతి అడ్డు తగిలింది. ఊరి కథలో ఒక ముక్క ఇప్పుడు అతకడం లేదు.

"పటేలా, ఒక్కటి చెప్పు. లంచం తిన్నోడిని పనయినంక గుర్రాలోళ్లే నరికిండ్రని గదా అంటరు. నర్సన్న లంచమే తినకపాయె, కొమ్ము గూడ ఊదె. మరి ఎట్ల సచ్చిండు? కొట్లాటల సచ్చిండా?"

వెంకటయ్య కుర్చీలోంచి లేచాడు. గుమ్మం దాకా నడిచి, తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టాడు. వచ్చి బల్ల పక్కన నిలబడి, అట్టతో చేసిన తమ పెద్ద బురుజు మీద వేలు ఆనించాడు.

"కొట్లాట అయిపొయ్యి, మావోళ్లు నది దాటి తిరిగొచ్చే నాటికి, నర్సన్న బతికే ఉండె."